నీళ్ళు తీసేసిన తొట్టి

"గాలి సిలిండరు నిండుగా ఉంది వదినా. గాలి అయిపోయి పోలేదు. ఒంటి మీద గీత కూడా లేదు. పెద్ద వయసు, పొద్దున్నే చల్లటి నీళ్ళు, గుండె ఆగింది. నువ్వు ఊరికే తవ్వుతున్నావు గానీ ఇందులో ఏమీ లేదు. సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నా."

నన్ను వదినా అని పిలుస్తూ నా పని చెడగొట్టే హక్కు ఈ లోకంలో ఒక్కడికే ఉంది. మా ఆయన తమ్ముడు, పోలీసు ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆదివారం మా ఇంటికొచ్చి నా చేతి వంట మారు వడ్డించుకుని మరీ తింటాడు, సోమవారం నా కేసుకి అడ్డంగా నిలబడతాడు.

"అలాగే మూసెయ్ నాయనా. మూసే ముందు ఆ సూటు ఒకసారి ఇలా పరుచు" అన్నాను.

మేం నిలబడింది ఒక డైవింగు స్కూలు కింది అంతస్తులో, శిక్షణ ట్యాంకు ఒడ్డున. ట్యాంకు బావి అంత లోతు. నాలుగు రోజుల కిందట దీని అడుగునే స్కూలు యజమాని శవమై దొరికాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. జీవితమంతా ఒకే ఓడ వెనక పడ్డ మనిషి. ఎన్నో తరాల కిందట తుఫానులో మునిగిపోయిన వర్తక ఓడ అది. దాని దగ్గరికి దిగాలి, ఒక్కో చెక్కా జాగ్రత్తగా పైకి తేవాలి, అదీ ఆయన కోరిక. దానికి పెద్ద పడవ కావాలి, మనుషులు కావాలి, నెలల తరబడి పోషించేవాళ్ళు కావాలి. అందుకని ఆయనా, ఆయన తమ్ముడూ స్పాన్సర్ చెయ్యండి బాబూ అంటూ మూడేళ్ళుగా కంపెనీల మెట్లు ఎక్కి దిగుతున్నారు.

బిస్కెట్ల కంపెనీవాళ్ళు నీళ్ళ అడుగున బిస్కెట్టు తింటూ ఫోటో దిగుతారా అని అడిగారట. వాచీల కంపెనీవాళ్ళు ఓడకి తమ వాచీ పేరు పెట్టమన్నారట. మునిగిపోయిన ఓడకి పేరు మారుస్తారా ఎవరైనా! చివరికి ఒక రంగుల కంపెనీ ముందుకొచ్చింది, దాన్ని చూసి మిగతా రెండూ తలూపాయి. మూడు కంపెనీల పెద్దలూ వచ్చి, పెద్దాయన పనితనం చూసి, సంతకాలు పెట్టాల్సిన రోజు పొద్దున్నే ఆయన పోయాడు.

నన్ను పిలిచింది ఆయన కూతురు. "మా నాన్న ఒంటరిగా నీళ్ళలోకి దిగడండీ. చచ్చినా దిగడు" అంది. అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుని ఏడ్చింది. ఈ పనిలో మొదటి పాఠం అదేనట. ఇద్దరు దిగాలి, ఇద్దరు ఎక్కాలి. ఒకరికి గాలి అందకపోతే రెండోవాళ్ళు తమ గాలి ఇవ్వాలి. పక్కనుండేవాళ్ళని జోడీ అంటారు. జోడీ లేకుండా పెద్దాయన మోకాలు లోతు కూడా దిగేవాడు కాదట.

మా మరిది సంచిలోంచి సూటు తీసి బల్ల మీద పరిచాడు. నల్లటి రబ్బరు సూటు, ఒంటికి అతుక్కుపోయే రకం. వీపు మీద నడుము నుంచి మెడ దాకా జిప్పు.

"నీళ్ళలోంచి తీసినప్పుడు ఈ జిప్పు ఎలా ఉంది?"

"మెడ దాకా వేసి ఉంది. దాని మీద ఈ పట్టీ కూడా శుభ్రంగా అంటించి ఉంది. ఆసుపత్రిలోనే విప్పారు."

"ఆయన కుడి భుజం బిగుసుకుపోయిందని తెలుసా? ఏడాదిగా ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవదు. చొక్కా కూడా కూతురే తొడిగేది."

"ఎడమ చెయ్యి ఉందిగా?"

"నువ్వు పుట్టి బుద్ధెరిగాక వీపు మీద జిప్పున్న బట్ట ఒక్కటైనా వేసుకున్నావా?"

"నేనెందుకు వేసుకుంటాను వదినా?"

"అందుకే నీకు తెలియలేదు. ఒక చేత్తో కింద లాగి పట్టుకోవాలి, రెండో చేత్తో పైకి లాగాలి. ఒక చెయ్యి పనిచెయ్యకపోతే అది నడుము దాటదు. నాకూ ఉండేది అలాంటి డ్రెస్సు ఒకటి. మీ అన్నయ్య ఊళ్ళో లేని రోజు దాని జోలికే పోయేదాన్ని కాదు. ఈ జిప్పు ఎవరో వేశారు నాయనా. పెద్దాయన దిగే ముందు ఆయన వెనక ఎవరో నిలబడ్డారు."

మా మరిది మీసం సవరించుకున్నాడు. నేను చెప్పింది నిజమని తోచినప్పుడల్లా వాడి చెయ్యి మీసం మీదికే పోతుంది. ఆ సంగతి వాడికి తెలియదు.

"సిలిండరు పైన గాలి తిప్పే బిళ్ళ తెరిచి ఉందా, మూసి ఉందా?"

"మూసే ఉంది. బయటికి లాగినవాళ్ళు మూసుంటారు. పెద్దాయన తమ్ముడు చిన్నాయనా, వాచ్‌మనూ లాగారు."

"మూసుంటారా, మూశారా?"

వాడు జవాబు చెప్పేలోగా గోడ అవతల మోటారు అందుకుంది. అబ్బ, ఏం మోత అది! మూత మేకులు ఊడిపోయాయేమో, మూడుసార్లు గడగడమని, ఆ వెంటనే ఒకసారి కుయ్యిమని, మళ్ళీ మొదటికి. పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. మోటారు గది తలుపు తీసుకుని ఒకాయన రుమాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మడత నలగని చొక్కా, మెత్తటి నవ్వు. రంగుల కంపెనీ ప్రచార మేనేజరు.

"నేనే బటన్ నొక్కానండీ. ఇవాళ ఫోటో ఉంది కదా, నీళ్ళు తేటగా ఉండాలని" అని అరిచి చెప్పాడు. "పెద్దాయన ఆశయం ఆగిపోకూడదని మా డైరెక్టర్లు పట్టుబట్టారు. అమ్మాయిగారు సంతకం పెట్టి, మా కంపెనీ గుర్తున్న సూటు వేసుకుని ట్యాంకులో ఒక్క ఫోటో దిగితే చాలు. నేనూ ఆయన శిష్యుణ్ణేనండీ. రెండు నెలలుగా ఆదివారాలు ఇక్కడే నేర్చుకుంటున్నా."

"ఆయన పోయిన పొద్దున మీరెక్కడున్నారు?"

"మా ఆఫీసులో. చిన్నాయనగారితో ఫోన్లో మాట్లాడుతున్నా. పడవ జెండా మీద మా గుర్తు ఎంత సైజుండాలి అని."

మా మరిది నా చెవి దగ్గరికి వంగాడు. "ఫోను కంపెనీని అడిగి చూశాను వదినా. తొమ్మిదింటికి మొదలై అరగంట పైనే సాగింది ఆ కాల్. సరిగ్గా ఆ అరగంటలోనే ముసలాయన పోయాడు. ఈయనకి ఆయన సాక్ష్యం, ఆయనకి ఈయన సాక్ష్యం. ఇంకెవరున్నారు చంపడానికి, నేనా?"

"నీకంత ఓపిక ఎక్కడిది?" అన్నాను.

పైకి వెళ్ళే ముందు మోటారు గదిలోకి తొంగిచూశాను. మనిషి తిరిగేంత చోటు, గోడకి ఒక చెక్క అర, వెనక సందులోకి చిన్న తలుపు. తలుపుకి గొళ్ళెం ఊడిపోయి చాలాకాలమైనట్టుంది, నెడితే తెరుచుకుంది. ఆ మోతలో నిలబడలేక వెంటనే బయటపడ్డాను.

*

మేడమీద పెద్దాయన ఆఫీసు గది. ఆయన పోయిన పొద్దున పోలీసులు వేసిన సీలు ఇప్పుడే తీస్తున్నారు. తలుపు దగ్గర కూతురూ, చిన్నాయనా నిలబడి ఉన్నారు. కూతురికి ముప్ఫై దాటి ఉంటాయి. చెక్క బొమ్మలు చెక్కి అమ్ముకునే మనిషి. చిన్నాయన సన్నగా, వంగి, చేతులు కట్టుకుని నిలబడతాడు. మూడేళ్ళు కంపెనీల ముందు నిలబడి నిలబడి ఒళ్ళు అలా అలవాటు పడిపోయిందేమో.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నా అనుమానం చిన్నాయన మీదే. జిప్పు వెయ్యగలిగేంత దగ్గరగా నిలబడే మనిషి ఇంకెవరు?

గది నడుమ పొడవాటి తొట్టి ఉంది. ఈ అన్వేషణకంతా ప్రాణం ఆ తొట్టిలోనే ఉందని నాకు ముందే చెప్పారు. రెండు నెలల కిందట చిన్నాయన సముద్రంలో దిగి, ఇసుకలో కూరుకుపోయిన ఒక కొయ్య కప్పీ పైకి తెచ్చాడు. తెరచాప తాళ్ళు లాగే కప్పీ. ఓడ అక్కడే ఉందనడానికి దొరికిన ఒకే ఒక్క ఆనవాలు. దాని ఫోటో చూసే రంగుల కంపెనీ కదిలింది.

సముద్రంలో తరాల తరబడి నానిన కొయ్యని పైకి తెచ్చాక గాలికి వదలకూడదట. ఆరితే ముడుచుకుపోయి, నెర్రెలిచ్చి, పొడి అయిపోతుంది. నీళ్ళలోనే ఉంచి, రోజూ నీళ్ళు మార్చాలి. ఈ ఇంట్లో వాళ్ళకి అది ఊపిరి తీసుకున్నంత అలవాటు. "చిన్నప్పుడు మా స్నానాల గదిలో తొట్టి ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదండీ. అందులో ఏదో ఒక చెక్క నానుతుండేది. మేమేమో పెరట్లో బక్కెట్టు పెట్టుకుని పోసుకునేవాళ్ళం" అని కూతురు నాకు మొదటిరోజు చెప్పి నవ్వింది కూడా.

తలుపు తెరిచారు. చిన్నాయన ముందు అడుగుపెట్టాడు.

"అయ్యయ్యో! నీళ్ళేవి? తొట్టిలో నీళ్ళేవి?"

తొట్టి పొడిగా ఉంది. అడుగున కప్పీ ఎండి పడుంది. తొట్టి బిరడా పక్కన నేల మీద ఉంది. చిన్నాయన మోకాళ్ళ మీద కూలబడి, బల్ల మీది మంచినీళ్ళ సీసా లాక్కుని దాని మీద గుమ్మరించాడు. తన కండువా తడిపి కప్పాడు. "ఎవరు తీశారు? మీ పోలీసులేనా? మీకు దండం పెడతాను, నాలుగు రోజులు ఎండబెట్టేశారు కదయ్యా!" అని మా మరిది మీదికి లేచాడు. అంత మెత్తటి మనిషి గొంతులోంచి అంత కేక వస్తుందని నేననుకోలేదు. బక్కెట్టు వెతుక్కుంటూ బయటికి పరిగెత్తాడు.

నేను కూతురి వైపు చూశాను. ఆమె గోడకున్న ఓడ బొమ్మ వైపు చూస్తోంది.

"బాబాయ్, మెల్లిగా. జారిపడతావు" అంది అంతే.

కొన్ని నిజాలు దొరక్కుండా ఉంటేనే బాగుండునని ఈ వృత్తిలో అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అప్పుడు అలాగే అనిపించింది.

"మీవాళ్ళు తీశారా?" అన్నాను మరిదితో.

"ఒట్టు వదినా, ముట్టుకోలేదు. ఆ పొద్దున తీసిన ఫోటో ఉంది, చూడు. అప్పటికే తొట్టి ఖాళీ." ఫోను తెరిచి చూపించాడు. నిజమే.

కప్పీని చేతిలోకి తీసుకున్నాను. అయిదో రోజు నడుస్తోంది ఎండబట్టి. ఒక్క నెర్రె లేదు. గట్టిగా, నిబ్బరంగా ఉంది, నిన్న మొన్నటి కొయ్యలా.

"నువ్వు చిన్నాయన దగ్గరికి వెళ్ళు. బక్కెట్టు మోయలేక పడతాడు" అని మరిదిని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాను.

*

"ఎప్పుడు చేశావమ్మా దీన్ని?"

ఆమె కాదనలేదు. కాదంటుందేమోనని కొంచెం ఆశపడ్డాను కూడా.

"నాలుగు నెలలైంది" అంది. "నాన్న మొదటి పడవ విరిగిపోయాక దాని చుక్కాని కొయ్య మా ఇంటి వెనకే పడుంది. దాన్నే చెక్కాను. ఉప్పునీళ్ళలో తుప్పు మేకులు వేసి నానబెడితే నల్లబడింది. బాబాయ్ దిగే చోటు నాకు తెలుసు కదా, ముందురోజు పడవలో వెళ్ళి వదిలేశాను. బాబాయ్‌కి తెలియదండీ. పాపం, దొరికిందని చిన్నపిల్లాడిలా ఎగిరాడు."

"ఎందుకూ?"

"మీరు చూడలేదు కాబట్టి అడుగుతున్నారు. ఒక ఆఫీసులో నాన్నని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టారు. చివరికి ఎవడో వచ్చి, ఓడలో బంగారం ఉందా తాతా అని అడిగి నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఓడ ఉంది, నాకు తెలుసు, కానీ చూపించడానికి చేతిలో ఏమీ లేదే అన్నాడు. ఏదో ఒకటి చేతిలో పెడదామనుకున్నాను. దిగాక అసలువి ఎలాగూ దొరుకుతాయి, అప్పుడు దీన్నెవరు పట్టించుకుంటారు అనుకున్నాను. నా ఖర్మ!"

"మీ నాన్న కనిపెట్టాడు."

ఆమె గభాల్న తలెత్తింది. నాకప్పుడు అర్థమైంది, నన్ను ఈ కేసులోకి పిలిచింది ఈ ఒక్క ప్రశ్న కోసమేనని. హంతకుడి కోసం కాదు.

"మీకెలా తెలుసు?" అంది.

"ఈ తొట్టి బిరడా తీసేది ఇంకెవరు? సముద్రం చెక్క అయితే పెద్దాయన నీళ్ళు తీసేస్తాడా? తను రోజూ తిరిగిన పడవ చుక్కాని చేతికి తెలియకుండా ఉంటుందా?"

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. తన ఎడమ చేతి చూపుడువేలు చూసుకుంది. పాత ఉలి గాయం.

"ముందురోజు రాత్రి భోజనానికి వచ్చాడు. చెయ్యి చూపించమ్మా అన్నాడు. ఇదేంటి అంటే, కూర తరుగుతుంటే తెగింది నాన్నా అన్నాను. ఎప్పుడో మానిపోయిన గాయం. అయినా మందు రాశాడు. ఎడమ చేత్తోనే. ఇలాంటి పనులు చేసేటప్పుడు జాగ్రత్తమ్మా అన్నాడు. నేను కూర గురించే అనుకున్నానండీ." "తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. తెలిసే పోయాడన్నమాట. అందుకే జోడీ లేకుండా దిగాడు. ఎవరో చంపారని మీరు తేలుస్తారని ఎంత ఆశపడ్డానో తెలుసా? ఎవరైనా చంపి ఉంటే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్న కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా?"

జిప్పు సంగతి నోటిదాకా వచ్చింది. కానీ ఆ జిప్పు వేసింది ఎవరో తేలకుండా ఆశ పెట్టడం ఎందుకని మింగేశాను. ఆ మాట అప్పుడే అనేసి ఉండాల్సింది.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "కింద ఆ మేనేజరుకి చెప్పేస్తాను. కప్పీ దొంగదని, చేసింది నేనేనని. సంతకం లేదు, ఏమీ లేదు."

"వెళ్ళు" అన్నాను.

*

మెట్ల దగ్గర చిన్నాయన రెండు బక్కెట్లతో ఆగి ఆయాసపడుతున్నాడు. పక్కనే మా మరిది.

"ఒక్క మాట. ఆ పొద్దున పెద్దాయన సూటు జిప్పు మీరే వేశారు కదూ?" అన్నాను.

బక్కెట్టు పిడి ఆయన చేతిలోంచి జారింది. నీళ్ళు ఒలికి మెట్ల మీదికి పారాయి.

"అయ్యా, మీరు పొద్దుటి నుంచీ బయటే ఉన్నానని రాసిచ్చారు" అని మా మరిది గద్దించాడు.

"సిగ్గేసి చెప్పలేదు బాబూ." చిన్నాయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నలభై ఏళ్ళు ఆయనకి జోడీ నేను. ఒక్కనాడు వదిలిపెట్టలేదు. ఆ పొద్దున జిప్పు వేశాను, సిలిండరు కట్టాను, గాలి తిప్పాను. నేను సూటు వేసుకోబోతుంటే ఫోను మోగింది. రంగుల కంపెనీ మేనేజరు. ఇదిగో వస్తానన్నయ్యా, నువ్వు దిగకు అని బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి..."

"గాలి మీరే తిప్పి తెరిచారా? లాగాక మూశారా?"

"మూయడమా? నాకు చేతులు ఆడితే కదమ్మా. వాచ్‌మను కాళ్ళు పట్టాడు, నేను తల పట్టుకున్నాను. మేమెవరమూ ముట్టుకోలేదు."

మా మరిది చెయ్యి మీసం మీదికి పోయింది. నేను పట్టించుకున్నట్టు కనపడలేదు. గాలి వీపు వెనక నుంచి మూశారంటే, గొట్టంలో మిగిలినది రెండు మూడు ఊపిర్లే. లోతుకి దిగాక అవీ అయిపోతాయి. నడుముకి మునగడానికి కట్టే సీసం బెల్టు. వెనక్కి చెయ్యి పెట్టి తిప్పుకుందామంటే భుజం లేవదు. సిలిండరు మాత్రం నిండుగానే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్లు గుండెపోటు అని రాసుకోవడానికి.

"ముందురోజు మీ అన్నయ్య ఎక్కడికైనా వెళ్ళారా?"

"సాయంత్రం రంగుల కంపెనీకి వెళ్ళాడు, ఒక్కడే. ఎప్పుడూ నన్ను తీసుకెళ్ళేవాడు. వచ్చాక, రేపు కప్పీ చూపించవద్దురా, మన పని చూపిద్దాం, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పనిది నేను అడిగే అలవాటు లేదమ్మా."

"అరగంట ఏం మాట్లాడారు ఫోన్లో?"

"మాట్లాడింది ఎంతసేపని! జెండా సంగతి ఒక ముక్క చెప్పి, డైరెక్టరు గారిని కనుక్కుని వస్తా, ఫోను పెట్టెయ్యకండి అన్నాడు. అలా పట్టుకునే నిలబడ్డాను."

"అరగంటా?"

"స్పాన్సరు ఆగమంటే ఆగాలి కదమ్మా. మూడేళ్ళుగా మా పనే అది. ఒకసారి ఇలాగే విసిగి పెట్టేస్తే ఆ కంపెనీ మళ్ళీ మా మొహం చూడలేదు. అన్నయ్య దిగడులే, నేను లేకుండా దిగడులే అనుకున్నాను." ఆయన చెవిని అరచేత్తో రుద్దుకున్నాడు. "మోటారు మోతలో మాట వినపడటం లేదని వీధి చివరికి పోయాను. అక్కడికెళ్ళినా ఆ పాడు మోత చెవిలోంచి పోలేదు. నిలబడినంతసేపూ అదే. మూడుసార్లు గడగడ, ఒకసారి కుయ్యిమని. ఇప్పటికీ పడుకుంటే వినపడుతుంది."

"ఫోను పెట్టుకున్న చెవిలోనా?"

"ఆఁ, ఈ చెవిలోనే."

మా మరిదీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పొద్దున మేనేజరు ఫోను ఇక్కడే మోటారు గదిలో, చెక్క అర మీద ఉంది. ఆఫీసులో కాదు, డైరెక్టరు దగ్గరా కాదు. దాన్ని అక్కడ పెట్టి, తమ్ముణ్ణి వీధి చివర నిలబెట్టి, ఆదివారం శిష్యుడు వచ్చి పెద్దాయన పక్కన నిలబడ్డాడు. నేను దిగుతాను మీతో అని ఉంటాడు. జోడీ దొరికిందని నమ్మి ఆయన వీపు తిప్పాడు.

"ఆ ఫోను ఎక్కణ్ణించి మాట్లాడిందో టవరు చూశావా?" అన్నాను.

"కాల్ వచ్చిందా లేదా అనే చూశాను" అన్నాడు మా మరిది. వాడి మొహం పాలిపోయింది.

కింద మోటారు ఇంకా గడగడలాడుతూనే ఉంది. కూతురు కిందికి వెళ్ళింది. పెద్దాయన ఆ సాయంత్రం చెప్పిన మాటే ఆ మనిషికి మళ్ళీ చెప్పడానికి వెళ్ళింది. వెళ్ళమన్నది నేను.

"ఏమైందమ్మా?" అని చిన్నాయన అడుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పడానికి ఆగలేదు. మా మరిది నాకంటే ముందు దూకాడు.

ట్యాంకు ఒడ్డున ఆమె కొత్త సూటు వేసుకుని నిలబడి ఉంది. గుండెల మీద రంగుల కంపెనీ గుర్తు. సిలిండరు పక్కనే సిద్ధంగా ఉంది. ఫోటో తీసేవాడు ఇంకా రాలేదు. ఆమె వీపు తిప్పి నిలబడితే, మేనేజరు వెనక నుంచి జిప్పు పైకి లాగుతున్నాడు, నెమ్మదిగా, మర్యాదగా. ఆ తరవాత ఆ చెయ్యి ఎక్కడికి పోయేదో నాకు తెలియదు. తెలుసుకునే అవసరం రానందుకు సంతోషం.

మా మరిది ఆ మణికట్టు పట్టుకున్నాడు. మేనేజరు నోరు తెరిచి ఏదో అన్నాడు గానీ ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. నేనే మోటారు గదిలోకి వెళ్ళి బటన్ నొక్కేశాను. నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చి పడింది.

"నేను చెప్పానండీ" అంది ఆమె అయోమయంగా. "అంతా చెప్పాను. ఈయన ఆశ్చర్యపోనేలేదు. అదంతా తరవాత, ముందు ఫోటో దిగుదాం అన్నారు."

"ఆయనకి ముందే తెలుసమ్మా. మీ నాన్నే చెప్పాడు. కంపెనీల పెద్దలందరికీ తెల్లారి చెప్పేస్తానని కూడా చెప్పి ఉంటాడు. కప్పీని చూపించి డైరెక్టర్లని ఒప్పించిన ఈయన కుర్చీ పోతుంది కదా మరి." నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "మీ నాన్న తనంతట తాను పోలేదు. పక్కన జోడీ ఉందనుకునే దిగాడు. గాలి ఈయన మూశాడు."

ఆమె మొహం వెలిగింది. నాలుగు రోజులుగా మోస్తున్న బరువు దిగినట్టు ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, హాయిగా ఊపిరి పీల్చుకుంది. తరవాత ఆ ఊపిరి అలాగే ఆగిపోయింది.

"నిజం చెప్తానన్నందుకు చంపాడా?"

"అవునమ్మా."

"ఆ నిజం నాది కదండీ. నా పేరు చెప్పాడా?" అని మేనేజరు వైపు తిరిగింది.

మేనేజరు తల దించుకున్నాడు. "ఆ కప్పీ తనే చేశానన్నాడు" అన్నాడు.

ఆమె ఏడవలేదు. వేలి మీది గాయాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ ట్యాంకు అంచున కూర్చుంది. మా మరిది సంకెళ్ళు తీసుకుంటూ నా వైపు చూశాడు, ఏదైనా చెప్పు వదినా అన్నట్టు.

అప్పుడు వినపడింది, మేడ మీద నీళ్ళు పోస్తున్న చప్పుడు. చిన్నాయన తొట్టి నింపుతున్నాడు. ఒక బక్కెట్టు, కాసేపు ఆయాసం, మళ్ళీ ఇంకో బక్కెట్టు. పైకి వెళ్ళి ఆపమని చెప్పాలి. ఎవరమూ కదల్లేదు.